దీపాలదిన్నె: అమరావతీ మహాచైత్యము

ప్రత్తిపాటినుండి గుంటూరుమీఁదుగా నుత్తరమునకుఁ బోవు బాట, ప్రత్తిచేలను మిరపచేలను దాఁటి కృష్ణాతీరమునందలి యమరావతిని జేరును. ప్రాచీన ధాన్యకటకపు మహాచైత్యము నిలిచిన తావదియే. పదునెనిమిదవ శతాబ్దాంతమున నచ్చటి ప్రజలు దాని శిథిలమును "దీపాలదిన్నె" యని వ్యవహరించుచుండిరి. అది బౌద్ధస్తూపమను సంగతి మఱపునఁ బడినను దీపముల మాట మాత్రము నిలిచినది.

అమరేశ్వరాలయమందలి క్రీ.శ. 1182 నాఁటి శాసనమున కోట కేతరాజు బుద్ధదేవునకు గ్రామములను, అఖండదీపములను నొసఁగినట్లు కలదు. దిన్నె పేరు వినఁగానే యీ దీపములు తలఁపునకు వచ్చుట సహజము. సింహళమందలి గడలాదెణియ శాసనము (క్రీ.శ. 1344) ధర్మకీర్తిస్థవిరుఁడు ధాన్యకటకమున రెండంతస్తుల విగ్రహగృహము నుద్ధరించెనని తెలుపుచున్నది. కావున నీ క్షేత్రము శాతవాహనులతోనే యంతరించిన దనుట పొరపాటు.

1797లో కాలిన్ మెకంజీ యిచ్చటికి వచ్చునప్పటికి, జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రినాయుని నూతనపట్టణమునకై దిన్నెనుండి యిటుకలు, రాళ్లు త్రవ్వఁబడుచుండెను. 1816లో నాతఁడు మరల వచ్చి చిత్తరువులు వ్రాయించునాఁటికి నడుమ కొలను ఏర్పడియుండెను. కొన్ని శిలలు సున్నమునకై కాల్పఁబడినవి. 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించిన శిల్పములు మదరాసు చేరి, వానిలోఁ బెక్కులు 1859లో లండనునకుఁ బంపఁబడినవి.

ఇట్టి గతి ధాన్యకటకమునకే పట్టినది కాదు. ప్రాచీనులు సప్తాద్భుతములలో నెంచిన హలికర్నాససు సమాధిమందిరపు రాళ్లు బోద్రుము కోటగోడలలోఁ జేరినవి. మిగిలిన శిల్పములు 1846 మొదలు బ్రిటిషు మ్యూజియమునకుఁ బోయినవి. అమరావతీశిలలు నూఱింటికిఁ బైగా నదే మ్యూజియమునఁ గలవు. అయినను నొక భేదము గమనింపఁదగినది. ఆ మందిరము స్వరూప మెఱుఁగుటకు రోమకపండితుఁడగు ప్లినీ వర్ణన ముఖ్యాధారము. మహాచైత్యమునకో, దాని శిలలే యాధారము.

శిల్పులు చైత్యమునకుఁ దాపిన పలకలమీఁద స్తూపరూపమునే చెక్కిరి. అండము, ప్రాకారము, ద్వారములకడ సింహములు, నాలుగు దిక్కులను వేదికలపై నైదేసి ఆయకస్తంభములు వానిలో స్పష్టముగాఁ గాన్పించును. త్రవ్వకములవలన అధిష్ఠానపు వ్యాసము సుమారు 162 అడుగులు, ప్రాకారపు వ్యాసము సుమారు 192 అడుగులు నని తేలినది. కొలఁతను పునాదియు, ఆకృతిని పలకయుఁ దెలుపుచున్నవి. ఒక పలకకు రెండువైపులను శిల్పము కలదు: ఒకవైపు క్రీ.పూ. మొదటి శతాబ్దపు బోధివృక్షపూజ, రెండవవైపు క్రీ.శ. మూఁడవ శతాబ్దపు స్తూపము. పాతశిలనే త్రిప్పి మరల చెక్కిరన్నమాట. చైత్యము పలుతరములు పెంచిన నిర్మాణమనుటకు ఇంతకన్న సాక్ష్య మేల?

కావున సున్నపుబట్టీలోఁ గాలిన ప్రతి పలకయు నలంకారమాత్రము గాదు, ఆ నిర్మాణచరిత్రలో నొక పత్రము. గ్రామములలోని దిబ్బల పేళ్లను, వానిచుట్టునుండు రాళ్లను పాఠశాలాపండితులు గుఱుతించి వ్రాసియుంచుట స్వల్పకార్యము గాదు. శాసనము చదువువా రెవ్వరు లేని కాలమున దీపముల జ్ఞాపకమును నిలిపినది జనుల నోటనున్న యొక్క పేరే.