చంకలో బిడ్డ, చేతిలో పుస్తకం

పసిబిడ్డ పెంపకానికి తారీఖులతో సహా ఒక చరిత్ర ఉంటుందని మా ఇంట్లో చిన్న వాదన వచ్చేదాకా నాకు తోచలేదు. ఐదు నెలల పసివాణ్ణి అమ్మ తన పాదాల మీద కూర్చోబెట్టుకుని "స్స్..." అంటూ ఉచ్చ పోయిస్తోంది. నా చేతిలోని అమెరికన్ పుస్తకమేమో రెండేళ్ళు దగ్గరపడే వరకు ఆ ప్రయత్నమే చేయవద్దంటోంది. "వద్దమ్మా, వాడి మనసు మీద ఒత్తిడి పడుతుందట" అన్నాను. అమ్మ తలెత్తకుండానే, "ఒత్తిడి పడేవాడు ఇంత హాయిగా పోస్తాడుటే?" అంది.

నా పుస్తకం చెప్పింది ఎవరు, ఎప్పుడు కనిపెట్టిన మాట అని వెతుక్కుంటూ పోతే, వంద సంవత్సరాలకు పైగా వెనక్కు నడవవలసి వచ్చింది.

న్యూయార్కులో ల్యూథర్ ఎమ్మెట్ హోల్ట్ అనే పిల్లల వైద్యుడు 1894లో 'ద కేర్ అండ్ ఫీడింగ్ ఆఫ్ చిల్డ్రన్' అనే చిన్న పుస్తకం వెలువరించాడు. ఆసుపత్రిలో ఆయాలకు శిక్షణ ఇవ్వడానికి ప్రశ్నలు, జవాబులుగా రాసుకున్న ఆ పుస్తకం ఒక తరం తల్లులకు పాఠ్యగ్రంథమైంది. మూడు నెలల బిడ్డకే దొడ్డికి కూర్చునే అలవాటు చేయవచ్చునని అందులో ఉంది! అంటే ఆ లెక్కన మా అమ్మ రెండు నెలలు ఆలస్యం చేసిందన్న మాట. బిడ్డను ఊపి నిద్రపుచ్చడం అనవసరమైన అలవాటు, పట్టుకుంటే వదలదు అని కూడా ఆయనే అన్నాడు. ఉయ్యాల లేని పెంపకాన్ని ఊహించడం మనకు కష్టం గానీ, ఆనాటి అమెరికన్ మధ్యతరగతి ఇంటికి అదే శాస్త్రం.

1914లో అమెరికా ప్రభుత్వపు బాలల విభాగం 'ఇన్ఫంట్ కేర్' అనే పొత్తాన్ని అచ్చువేయించి తల్లులకు పంచింది. రచయిత్రి మేరీ మిల్స్ వెస్ట్, ఐదుగురు పిల్లల తల్లి. ఆమె కూడా మూడో నెలకో, అంతకు ముందో మొదలుపెట్టమన్నది. తరువాతి ముద్రణల్లో గడియారం ప్రవేశించింది. 1930 ప్రాంతానికి వచ్చేసరికి బిడ్డను రోజూ ఒకే వేళకు కూర్చోబెట్టాలి, ఐదు నిమిషాలకు మించి తేడా రాకూడదు అనేంత కట్టుదిట్టం ఏర్పడింది. వేళకు రాని బిడ్డకు సబ్బుపుల్ల పెట్టి రప్పించడం కూడా ఆనాటి వైద్యంలో భాగమే. మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ బి. వాట్సన్ 1928లో రాసిన పుస్తకంలో పిల్లలను ముద్దాడవద్దని, ఒళ్ళో కూర్చోబెట్టుకోవద్దని, తెల్లవారి కరచాలనం చేస్తే చాలునని తల్లులకు బోధించాడు.

ఈ కాఠిన్యానికి ప్రతిక్రియ రాక తప్పదు కదా. 1946లో బెంజమిన్ స్పాక్ తన ప్రసిద్ధ గ్రంథంలో తల్లిని తన మీద తాను నమ్మకం ఉంచుకోమన్నాడు. 1962లో టి. బెర్రీ బ్రేజల్టన్ అనే వైద్యుడు పదేళ్ళలో తన దగ్గరకు వచ్చిన 1,170 మంది పిల్లల వివరాలు ప్రచురించాడు. బిడ్డ సంసిద్ధత కనబరిచే వరకు ఆగి, బలవంతపెట్టకుండా నేర్పితే, పగటిపూట గుడ్డ తడపకుండా ఉండడం సగటున 28.5 నెలలకు వచ్చిందని తేల్చాడు. నా చేతిలోని పుస్తకానికి మూలపురుషుడు ఈయనే. సబ్బుపుల్లల కాలాన్ని చూసినవారికి ఆయన మాట ఎంత ఉపశమనమో ఊహించుకోవచ్చు.

అయితే మూడు నెలలు ముప్ఫై నెలలుగా మారడంలో వైద్యుల పాత్ర ఎంత, చాకిరేవు పాత్ర ఎంత? హోల్ట్ కాలపు తల్లి ప్రతి గుడ్డనూ చేత్తో ఉతికి, ఉడకబెట్టి, చలికాలంలో పొయ్యి దగ్గర ఆరబెట్టుకోవాలి. త్వరగా నేర్పితే ఆమె ప్రాణం నిలబడుతుంది. ఇంట్లోకి బట్టలుతికే యంత్రం వచ్చాక ఆ తొందర తగ్గింది. 1961లో పాంపర్స్ అనే వాడి పారేసే డైపర్లను పియోరియా పట్టణంలో అమ్మి చూశారు. ఆ తరువాత తొందర బొత్తిగా అక్కరలేకపోయింది. 1998లో అదే సంస్థ పెద్ద పిల్లలకు సరిపోయే కొలత డైపరు తెచ్చినప్పుడు దాని ప్రకటనలో కనిపించినది సాక్షాత్తూ బ్రేజల్టన్. ఆయన సలహా డబ్బు కోసం పుట్టిందనడం అన్యాయమే అవుతుంది, అది 1962 నాటిది. కానీ సలహా ఎవరి వ్యాపారానికి ఒదిగిందో మాత్రం కనిపిస్తూనే ఉంది.

బలవంతపు తొందర, ఓపికగల ఆలస్యం - అమెరికన్ చర్చంతా ఈ రెండింటి మధ్యనే నడిచింది. మా అమ్మ చేస్తున్నది రెండూ కాదు. ఆమెకు గడియారంతో పని లేదు. నిద్ర లేచిన వెంటనే, పాలు తాగిన కాసేపటికి, లాల పోసేముందు పాదాల మీదికి తీసుకుంటుంది. పోస్తే పోస్తాడు, లేకపోతే లేదు. కోపం లేదు, మెప్పుకోలు అంతకన్నా లేదు. ఒకటి రెండు నెలల్లో ఆ "స్స్" శబ్దానికీ ఆ పనికీ ముడి పడిపోతుంది.

ఈ పద్ధతికి వైద్య పత్రికలో చోటు దొరికింది 1977లో. అదీ మన పేరు మీద కాదు. మార్టెన్ డివ్రీస్, రేచెల్ డివ్రీస్ కెన్యా తీరంలోని డిగో ప్రజల మధ్య ఉండి రాశారు. డిగో తల్లి నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, మొదటి వారాల్లోనే బిడ్డను కాళ్ళ నడుమ కూర్చోబెట్టి, నోటితో శబ్దం చేస్తుంది. ఐదారు నెలలకు బిడ్డ పగలూ రాత్రీ చాలామటుకు పొడిగా ఉంటుంది. ఇది చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కన్న సిగ్గు ఎక్కువ కలిగింది. ఎదురుగా కూర్చుని ఉన్న అమ్మ మాట నమ్మడానికి నాకు కెన్యా సాక్ష్యం కావలసి వచ్చింది!

మన సామెతలోని ఆవిడ బిడ్డను చంకలోనే పెట్టుకుని ఊరంతా వెతికింది. ఆ చంక సంగతికి వద్దాం. ఎత్తుకోవడమూ ఉచ్చ పోయించడమూ వేరు వేరు విద్యలు కావు. మొలతాడు తప్ప మరేమీ లేని బిడ్డను రోజంతా చంకన మోసే మనిషికి, వాడు ఎప్పుడు మెలికలు తిరుగుతాడో, ఎప్పుడు బిగుసుకుంటాడో తెలియకపోతే తడిసేది ఆమె చీరే. ఆ భాష ఆమె త్వరగా నేర్చుకుంటుంది. ఒకవేళ పొరబడినా, పేడతో అలికిన మట్టి నేల పీల్చుకునేది. గోడ నుంచి గోడకు తివాచీ పరచిన అమెరికా ఇంట్లో ఈ విద్య నిలవడం కష్టమని అమ్మ కూడా ఒప్పుకుంది.

ఇంగ్లండులో డెవన్‌షైర్ ప్రభువు పిల్లల కోసం 1733లో విలియం కెంట్ ఒక చిన్న బండి చేసిపెట్టాడు. పిల్లల బండ్ల కథ అక్కడినుంచి చెబుతారు. వంద సంవత్సరాలు దాటేసరికి బండిలో బిడ్డను తోసుకుపోవడం కలిగినవారి లక్షణం, ఒంటికి కట్టుకుని మోయడం లేనివారి లక్షణం అయింది. తిరుగుదారి 1960లలో మొదలైంది. ఆన్ మూర్ అనే నర్సు పీస్ కోర్ తరఫున పశ్చిమ ఆఫ్రికాలోని టోగోకు వెళ్ళి, తల్లులు వీపున కట్టుకున్న బిడ్డలు ఎంత నిమ్మళంగా ఉంటారో చూసింది. తిరిగివచ్చి తన బిడ్డను అలాగే కట్టుకోబోతే గుడ్డ జారిపోయింది. ఆమె తల్లి కుట్టి ఇచ్చిన సంచి 'స్నగ్లీ' అయింది. 1969లో దానికి పేటెంటు వచ్చింది. 1980లలో విలియం సియర్స్ దంపతులు 'బేబీవేరింగ్' అనే మాటను ప్రచారం చేశారు. ఒడి, చంక, జోలె, పొత్తిళ్ళు అని మన భాషలో ఇన్ని మాటలుండగా దానికి పేరు పెట్టవలసిన అవసరం మనకు ఎన్నడూ రాలేదు.

మాంట్రియల్‌లో హంజికర్, బార్ 1986లో ఒక ప్రయోగం చేశారు. ఏడ్చినా ఏడవకపోయినా బిడ్డను రోజూ మామూలుకంటే ఎక్కువసేపు ఎత్తుకోమని కొందరు తల్లులకు చెప్పారు. ఆరు వారాల వయసులో ఆ బిడ్డలు 43 శాతం తక్కువ ఏడ్చారు. (అప్పటికే గుక్కపట్టి ఏడుస్తున్న బిడ్డల విషయంలో 1991లో చూస్తే ఆ ఫలితం రాలేదు, కనుక సర్వరోగ నివారిణి కాదు.) "చంక మరిగితే దిగడు" అనే మన పెద్దల హెచ్చరిక కూడా హోల్టు మాటకు చుట్టమే సుమా! కాళ్ళు చాపి బిగించి చుట్టే అలవాటును మానిపించడానికి జపాన్‌లో 1975లో ప్రచారం చేపట్టాక, తుంటి కీలు తొలిగిన బిడ్డలు నూటికి ఒకటి, మూడున్నర మధ్య ఉన్నవారు వెయ్యికి ఇద్దరికంటే తక్కువకు దిగారు. చంకన కూర్చున్న బిడ్డ కాళ్ళు ఎలా ఎడంగా, మడిచి ఉంటాయో గుర్తు చేసుకోండి. ఇక బొగోటాలో 1978లో, ఇంక్యుబేటర్లు చాలక, నెల తక్కువ బిడ్డలను తల్లి గుండెకు కట్టిన పద్ధతి ఉంది. దానిని పుట్టిన వెంటనే మొదలుపెడితే మరణాలు నాలుగో వంతు తగ్గుతాయని భారతదేశంతో సహా ఐదు దేశాల్లో జరిపిన పరీక్ష 2021లో తేల్చింది.

ఇంతవరకు చదివి మనవాళ్ళకు అన్నీ ముందే తెలుసునని మీసం మెలేయాలనిపిస్తే కాసేపు ఆగాలి. చంక సరే, ఎవరి చంక? తల్లి నాట్లకో కలుపుకో పోతే బిడ్డను మోసింది చాలా ఇళ్ళలో ఏడెనిమిదేళ్ళ అక్క. 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో బడి మానిన పిల్లల కోసం పనిచేసిన ఎం.వి. ఫౌండేషన్, కూలికి పోయే పిల్లలతో పాటు ఇంట్లో తమ్ముణ్ణి ఎత్తుకుని కూర్చున్న ఆడపిల్లను కూడా బాలకార్మికురాలిగానే లెక్కించింది. ఆ లెక్క మీద మొదట నాకు అభ్యంతరం ఉండేది, ప్రేమతో చేసే పనిని కూలిపనితో జతకట్టడమేమిటని.

ఈ వ్యాసం కోసం అమ్మను అడిగాను, నీకు ఎవరు నేర్పారమ్మా ఇవన్నీ అని. "అమ్మకు తీరికెక్కడిదే, నన్ను పెంచింది మా అక్క" అంది. పెద్దమ్మ అప్పటికి ఎనిమిదేళ్ళది. అమ్మ తరువాత ఇద్దరు మేనమామలూ ఆమె చంకనే పెరిగారు. అమ్మ పదో తరగతి వరకు చదివింది. పెద్దమ్మ మూడో తరగతి మధ్యలో బడి మానేసింది. ఇప్పటికీ ఆమె నడుస్తుంటే ఎడమ పక్కకు కొద్దిగా ఒరుగుతుంది.