పది ముందా, తొమ్మిది ముందా?

ప్రొద్దుటూరులో గానీ, జమ్మలమడుగులో గానీ, పులివెందులలో గానీ పొలం కాగితాలు చూసినవారికి సర్వే నంబరు 112/9 తర్వాతే 112/10 వస్తుందని వేరే చెప్పనక్కర్లేదు. కంప్యూటరుకు మాత్రం చెప్పాలి. అక్షరక్రమంలో పేర్చమంటే అది మొదటి అంకె చూసి 10ని 9 కంటే ముందు పెడుతుంది. ఈ చిక్కును సాఫ్ట్‌వేర్ వాళ్లు విప్పిన తీరు చూస్తే నాకు మన శాసనాలే గుర్తుకొస్తాయి.

1993 ఆగస్టులో ఇయాన్ మర్డాక్ డెబియన్ అనే లినక్స్ వ్యవస్థను ప్రకటించాడు. అందులో ప్రోగ్రాములను ఎక్కించడం, తీసేయడం 'డీపీకేజీ' పని. ఏది కొత్తదో అది వెర్షన్ నంబరును బట్టి తేలుస్తుంది. నంబరును ముక్కలుగా విడదీసి, అంకెల ముక్కలను సంఖ్యలుగానే పోలుస్తుంది. అందుకే 1.9 కంటే 1.10 కొత్తది. అసలు విడుదలకు ముందొచ్చే పరీక్షా ప్రతికి '~' గుర్తు పెడితే, 2.0~1 అనేది 2.0 కంటే పాతదని గ్రహిస్తుంది.

లెక్కే మారిపోతే ఎలా? నిన్నటిదాకా తేదీనే నంబరుగా 20040715 అని వేసినవారు ఇవాళ 1.0 అని మొదలుపెడితే, యంత్రం కొత్తదాన్ని పాతదనుకుంటుంది. అందులో భద్రతా లోపానికి మరమ్మతు ఉన్నా దాన్ని ఎక్కించదు. వాడేవారికి ఆ సంగతే తెలియదు. దీనికి విరుగుడుగా నంబరు ముందు 'ఎపాక్' అనే అంకె చేర్చారు. 1:1.0 అని రాస్తే ముందు ఎపాక్‌ను పోల్చి, అది సమానమైతేనే మిగతాది చూస్తుంది. రెడ్ హ్యాట్ వారి ఆర్‌పీఎంలోనూ ఈ ఏర్పాటుంది.

మన సంవత్సరాల పేర్లదీ ఇదే కథ. ప్రభవ నుంచి అక్షయ దాకా 60 పేర్లు తిరిగి తిరిగి వస్తాయి. వికారి 1959లో వచ్చింది, 2019లో మళ్లీ వచ్చింది. పేరొక్కటే ఉంటే ఏది ముందో తేలదు. అందుకే ఎన్నో శాసనాల్లో పేరుకు తోడుగా శక సంవత్సరం కూడా చెక్కించారు. మన ప్రొద్దుటూరుకు దగ్గర్లోని కలమళ్ల శాసనంలో ఏడాది లేదు. రేనాటి చోళుల ఆ తెలుగు శాసనం సుమారు 575 నాటిదని పండితులు లిపిని పరిశీలించి అంచనా కట్టాల్సి వచ్చింది.

ఇంకో పదేళ్లకు మన సంఘానికి షష్టిపూర్తి. అప్పటికి సంఘం పుట్టిన సంవత్సరం పేరే మళ్లీ వస్తుంది. పాత ఫోటోల వెనక 'ఫలానా బ్యాచ్' అని మాత్రమే రాసి ఉంచినవారు, నాలుగంకెల సంవత్సరం కూడా ఇప్పుడే రాసిపెట్టండి.