బటానీ గింజల లెక్క



మనం బటానీ అంటాం. కన్నడంలో బటాణి, తమిళంలో పట్టాణి, మరాఠీలో వాటాణా. పేరు ఏదైతేనేం, తల్లిదండ్రుల పోలికలు బిడ్డలకు ఏ లెక్కన వస్తాయో పట్టిచ్చింది ఈ గింజే. పట్టుకున్నవాడు గ్రెగర్ మెండెల్ అనే క్రైస్తవ సన్యాసి. 1822లో రైతు ఇంట పుట్టి, ఇప్పటి చెక్ దేశంలోని బ్రనో పట్టణంలో మఠం చేరాడు. 1850లో ఉపాధ్యాయ అర్హత పరీక్ష తప్పాడు. బి.ఎడ్. చదివిన మాబోటి వాళ్ళకు ఈ సంగతి కొంచెం ఊరట! ఆ తరువాత వియన్నా విశ్వవిద్యాలయంలో రెండేళ్ళు చదివాడు.

తల్లి గుణం, తండ్రి గుణం పాలూ నీళ్ళలా కలిసిపోతాయని ఆ రోజుల్లో చాలామంది అనుకునేవారు. మెండెల్ 1856 నుంచి 1863 దాకా మఠం తోటలో దాదాపు 28 వేల బటానీ మొక్కలు పెంచి చూశాడు. మొగ్గను ముందే విప్పి, దాని పుప్పొడి తిత్తులు తీసేసి, వేరే మొక్క పుప్పొడిని అద్ది, పువ్వుకు చిన్న సంచి కట్టేవాడు. పురుగులు మరో పుప్పొడి తేకుండా ఆ జాగ్రత్త.

గుండ్రని గింజల మొక్కను, ముడతల గింజల మొక్కను కలిపితే మొదటి తరం గింజలన్నీ గుండ్రనివే. ముడత మాయమైందనుకోవలసిందే. వాటినే నాటి పండిస్తే 7,324 గింజల్లో 5,474 గుండ్రనివి, 1,850 ముడతలవి. మూడుకు ఒకటి చొప్పున ముడత మళ్ళీ పైకి తేలింది. అంటే అది పోలేదు, దాగింది. ప్రతి లక్షణానికీ మొక్కలో రెండు కారకాలు ఉంటాయి, సంతానానికి ఒక్కటే అందుతుంది, ఏది అందుతుందన్నది రూపాయి బిళ్ళ బొమ్మా బొరుసూ వంటిది. పైకి కనిపించేది బహిర్గతం, దాగేది అంతర్గతం. ఇరువైపుల నుంచీ దాగినదే వస్తే ముడత బయటపడుతుంది. నాలుగింట ఒక వంతు అలా వచ్చిందే.

మరో విశేషం ఉంది. ఒక మొక్కకు 43 గుండ్రనివీ, 2 ముడతలవీ కాశాయి. ఇంకోదానికి 14, 15. మెండెల్ దీన్ని దాచలేదు, రాసిపెట్టాడు. మూడుకు ఒకటి అనేది వేల గింజల మీద తేలే లెక్క. ఒక్క చెట్టుకు అది హామీ కాదు. 1865లో ఊరి విజ్ఞాన సంఘంలో ఈ సంగతి చదివాడు, 1866లో అచ్చయింది. పట్టించుకున్నవారు లేరు. 1884లో ఆయన కన్నుమూశాడు. 1900లో ముగ్గురు శాస్త్రజ్ఞులు వేరువేరుగా అదే లెక్కకు వచ్చాక గాని లోకానికి ఆయన విలువ తెలియలేదు.

ఇక మనుషుల మాట. ఎర్ర రక్తకణం కొడవలిలా వంగిపోయే సికిల్ సెల్ జబ్బు ఇదే దారిన సంక్రమిస్తుందని 1949లో జేమ్స్ నీల్ చూపాడు. మన దేశంలో ఆ కణాలు 1952లో నీలగిరి కొండల గిరిజనుల్లో బయటపడ్డాయి. భార్యాభర్తలిద్దరిలో ఆ కారకం ఒక్కొక్కటి దాగి ఉంటే, ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు భయం. “పెద్దవాడికి వచ్చిందిగా, ఇక ముగ్గురికి రాదు” అనుకోవడం పొరపాటు. మొన్న బొరుసు పడిందని నేడు బిళ్ళకు గుర్తుండదు కదా! కోడలి వంశాన్ని ఆడిపోసుకోవడమూ అన్యాయమే, ఎందుకంటే ఈ జబ్బుకు చెరో కారకం ఇద్దరూ ఇచ్చి ఉండాలి.

సరిహద్దుకు ఇటూ అటూ మేనరికాలు మనకు మామూలే. మేనరికమే జబ్బు తేదు. కాని ఒకే ముత్తాత నుంచి దాగి వచ్చిన కారకం ఇద్దరిలోనూ ఉండే అవకాశం ఎక్కువ. 2023 జూలైలో కేంద్ర ప్రభుత్వం సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టింది. దాగిన కారకం ఉన్నదీ లేనిదీ రక్తపరీక్ష చెబుతుంది. ఒక్కరిలోనే ఉంటే బిడ్డల్లో సగానికి సగం అవకాశంతో ఆ కారకం దాగి రావచ్చు, జబ్బు మాత్రం రాదు. అందుకే పరీక్ష పెళ్ళిచూపులకు ముందే చేయించుకోవడం మేలు.