దివ్యాంగుల సలహా మండలిలో దివ్యాంగులెందరు?

సదరం శిబిరం వరుసలో ఎప్పుడైనా నిలబడినవారైతే, వైద్యుడు వేసే శాతం విలువ మీకు వేరే చెప్పనక్కరలేదు. 40కి చేరితే పింఛనుకు దారి తెరుచుకుంటుంది, చేరకుంటే తిరుగు ప్రయాణమే. ఆ శాతాలను నేనూ ఏళ్ల తరబడి వేశాను. అయితే ఈ సేవలపై ప్రభుత్వానికి సలహా చెప్పే మండలిలో ఎవరు కూర్చోవాలన్న ప్రశ్న మా వైద్యులకు చాలాకాలం తోచనే లేదు.

1996 ఫిబ్రవరి 7న అమలులోకి వచ్చిన వికలాంగుల చట్టం ఏడు వైకల్యాలను గుర్తించి, ప్రతి రాష్ట్రంలోనూ ఒక సమన్వయ సంఘం ఉండాలన్నది. అధ్యక్షుడు సంక్షేమ మంత్రి. శాఖల కార్యదర్శులు, శాసనసభ్యులు సరేసరి. సంస్థల ప్రతినిధులుగా మాత్రం ఐదుగురు. వారు 'సాధ్యమైనంత వరకు' వికలాంగులై ఉండాలి. వారిలో కనీసం ఒక్క మహిళ ఉంటే చాలు.

ఆ 'ఒక్క' అన్న మాట దగ్గర నేను ఆగిపోతాను. కొడుకును నడక రాని తొలి ఏడాదే తీసుకువచ్చిన తల్లిదండ్రులు, కూతురిని పెళ్లీడు వచ్చాక తీసుకురావడం నా గదిలో ఎన్నోమార్లు చూశాను.

2006లో ఐక్యరాజ్యసమితి ఒడంబడిక వచ్చింది. మరుసటి ఏడు మన దేశం దానిని ఆమోదించింది. దానికి అనుగుణంగా వచ్చిన 2016 చట్టం వైకల్యాలను 21కి పెంచింది. దాని 66వ సెక్షన్ కింద ఏర్పడేదే రాష్ట్ర సలహా మండలి. ఐదుగురి స్థానంలో పదిమంది వచ్చారు. వారిలో కనీసం ఐదుగురు మహిళలు, షెడ్యూల్డు కులాల నుండి ఒకరు, తెగల నుండి ఒకరు తప్పనిసరి. శాసనమండలి ఉన్న మన రెండు రాష్ట్రాలలో శాసనసభ ఇద్దరిని, మండలి ఒకరిని ఎన్నుకొని పంపాలి. పదవీకాలం మూడేళ్లు, ఆరు నెలలకొకసారైనా సమావేశం జరగాలి. 'సాధ్యమైనంత వరకు' అన్న మాట మాత్రం చెక్కుచెదరలేదు.

చట్టం అమలైన ఏడాదిలోనే, 2017 డిసెంబరులో, మండళ్లు ఏర్పరచని రాష్ట్రాలకు సుప్రీంకోర్టు మూడు నెలల గడువు విధించవలసి వచ్చింది.

మరొక సంగతి. మానసిక రుగ్మతను వైకల్యంగా గుర్తించిన ఈ చట్టమే, మతిస్థిమితం లేదని న్యాయస్థానం ప్రకటించిన వ్యక్తి సభ్యత్వానికి అనర్హుడంటుంది. వైద్యుడిగా నాకిది మింగుడుపడదు.

మీ రాష్ట్ర మండలి సభ్యుల జాబితాను, గత సమావేశం తేదీని సమాచార హక్కు చట్టం కింద మీరు అడగవచ్చు. పది రూపాయల రుసుము, ఒక తెల్లకాగితం చాలు.