తాటాకు నుంచి తెర దాకా

పుస్తకం హస్తభూషణం అన్నారు పెద్దలు. ఇప్పుడు ఆ చేతిలోకి ఫోను వచ్చింది, పుస్తకం వెళ్ళి ఆ ఫోనులో కూర్చుంది. అచ్చు పుస్తకం గొప్పదా, ఎలక్ట్రానిక్ పుస్తకం గొప్పదా అని వక్తృత్వ పోటీల్లో తరచూ అడుగుతుంటారు. కళ్ళకు ఏది మంచిది, ధర దేనికి తక్కువ, మోయడానికి ఏది తేలిక అన్న దగ్గరే మన వాదన ఆగిపోతుంది. చరిత్ర ఇష్టపడే విద్యార్థిగా నాకు వేరే ప్రశ్న ముఖ్యం అనిపిస్తుంది. వందేళ్ళ తరవాత ఏ పుస్తకం మిగులుతుంది? ఈ ప్రశ్నకు జవాబు చాలావరకు మన చెన్నపట్నం చరిత్రలోనే దొరుకుతుంది.

అచ్చుకు ముందు మన పుస్తకం తాటాకు. ఆకుల్ని ఆరబెట్టి, సమంగా కోసి, గంటంతో గీసేవారు. పైన మసి పూసి తుడిస్తే అక్షరం నల్లగా తేలేది. కన్నాల్లో తాడు దూర్చి, అటూ ఇటూ చెక్క పలకలు పెట్టి కట్టేవారు. చెదలు, పురుగులు, తడి దానికి శత్రువులు. ఆకు పాడయ్యేలోపు ఎవరో ఒకరు కూర్చుని కొత్త ఆకుల మీద ఎత్తి రాయాలి. రాసేవాళ్ళు లేకపోతే ఆ కావ్యం కథ అక్కడితో సరి. నన్నెచోడుడి కుమారసంభవం అలా పోవలసిందే. మానవల్లి రామకృష్ణకవి దాన్ని వెలికితీసి 1909లో అచ్చు వేయించేదాకా, అలాంటి కావ్యం ఒకటుందని చాలామంది పండితులకే తెలియదు. అలా దొరక్కుండా పోయినవి ఎన్నో!

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ దొరను మనం ఇక్కడ తలుచుకోవాలి. కుంపిణీ ఉద్యోగిగా వచ్చిన ఆయన, పండితులకు జీతాలిచ్చి ఒక్కో కావ్యానికి అనేక ప్రతులు తెప్పించాడు. వాటిని పక్కపక్కన పెట్టి, తేడాలు పోల్చి, శుద్ధప్రతి రాయించాడు. 1829లో వేమన పద్యాల్ని ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించాడు. ఆయన సేకరించిన తాళపత్రాలు, రాతప్రతులు ఈనాటికీ మన నగరంలోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి.

తెలుగు అచ్చు మొదలైంది మాత్రం మన దేశంలో కాదు. బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ జర్మనీలోని హాలే నగరంలో 1746 ప్రాంతంలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. తరవాత చెన్నపట్నమే తెలుగు అచ్చుకు పుట్టినిల్లులా మారింది. 1854లో వావిళ్ళ రామస్వామి శాస్త్రులు ఇక్కడే ముద్రాక్షరశాల పెట్టారు. 1926లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ఇక్కడి నుంచే ఆంధ్ర గ్రంథమాల ప్రారంభించారు. అచ్చు చేసిన మేలు ఏమిటంటే ప్రతుల సంఖ్య. ఒక ఊళ్ళో పుస్తకం కాలిపోయినా ఇంకో ఊళ్ళో ఉంటుంది. కానీ పాత కాగితంలో ఉండే ఆమ్లం వల్ల అది పసుపెక్కి, ముట్టుకుంటే పొడి అవుతుంది. మళ్ళీ అచ్చు వేయకపోతే దానికీ తాటాకు గతే.

ఇక ఎలక్ట్రానిక్ పుస్తకం. 1971లో అమెరికాలో మైకేల్ హార్ట్ ఆ దేశపు స్వాతంత్ర్య ప్రకటనను కంప్యూటర్‌లో టైపు చేశాడు. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అలా మొదలైంది. తెలుగు అక్షరాలకు 1991లో యూనికోడ్‌లో చోటు దొరికింది. అంతకుముందు ఒక్కో ఫాంటుది ఒక్కో లెక్క. ఒక కంప్యూటర్‌లో చక్కగా కనిపించిన తెలుగు, ఆ ఫాంటు లేని ఇంకో కంప్యూటర్‌లో పిచ్చి గీతల్లా కనిపించేది. అంటే చెదలు పట్టకుండానే పుస్తకం చదవరాకుండా పోతుందన్నమాట.

మన గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చదివిన రాజ్ రెడ్డి గారు ముందుండి నడిపించిన పది లక్షల పుస్తకాల పథకంతో కలిసి, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా మొదలైంది. వేల తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. కొన్నేళ్ళకు ఆ వెబ్‌సైటు ఆగిపోయింది. అయినా పుస్తకాలు పోలేదు. ఎందుకంటే వాటి ప్రతులను ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో కూడా పెట్టారు. దీనికి ఎదురు ఉదాహరణ 2009లో జరిగింది. అమెజాన్ సంస్థ జార్జ్ ఆర్వెల్ రాసిన రెండు పుస్తకాల్ని, కొనుక్కున్నవాళ్ళ కిండిల్ యంత్రాల్లోంచి చెప్పకుండా తీసేసింది. తరవాత క్షమాపణ చెప్పిందనుకోండి. కానీ బీరువాలో ఉన్న అచ్చు పుస్తకాన్ని అమ్మినవాడు వచ్చి అలా పట్టుకుపోగలడా?

వీటన్నిటిలో నాకు ఒకటే సూత్రం కనిపిస్తోంది. తాటాకైనా, కాగితమైనా, తెరైనా, ఒక్కచోటే ఒక్క ప్రతిగా ఉన్నది ప్రమాదంలో ఉన్నట్టే. పదిచోట్ల ఉన్నది బతుకుతుంది. దానికి తోడు చదివేవాళ్ళు కూడా కావాలి. లిపి చదవగలిగే మనిషి లేకపోతే ప్రతి ఎంత భద్రంగా ఉన్నా ఏం లాభం?

మనలాంటి వాళ్ళకి ఇదే అసలు సంగతి. తమిళనాడులో 2006 చట్టంతో బళ్ళలో తమిళం తప్పనిసరి అయింది. తమిళం మనకు రావాలి, అది మన ఊరి భాష. దానితో పాటు తెలుగు చదివేవాళ్ళు తగ్గిపోకుండా చూసుకోవడం మన బాధ్యత. ఒకప్పుడు తెలుగు పుస్తకాలకు కేంద్రమైన ఈ నగరంలో ఇవాళ తెలుగు పుస్తకం కావాలంటే వెతుక్కోవాలి. అందుకే ఫోనులోకి వచ్చే పాత పుస్తకం మనకు వరమే.

మనం చేయగలిగినవి కూడా ఉన్నాయి. రచయిత చనిపోయి 60 ఏళ్ళు దాటితే ఆ రచన అందరిదీ అవుతుంది. తెలుగు వికీసోర్స్‌లో అలాంటి పుస్తకాల స్కాన్ పుటలను చూస్తూ ఒకరు టైపు చేసిన దాన్ని సరిదిద్దితే, ఇంకొకరు మళ్ళీ సరిచూస్తారు. బ్రౌన్ పండితులు చేసిన పనే ఇది. వేసవి సెలవుల్లో తలా పది పుటలు సరిదిద్దినా ఒక పుస్తకం పూర్తవుతుంది. అలాగే ఇళ్ళలో అటకమీద ఉన్న తాతయ్యల, అమ్మమ్మల పుస్తకాల్ని పాత కాగితాలవాడికి వేసేముందు ఒక్కసారి తెరిచి చూడండి. అలాంటి ప్రతి ఇంకెక్కడా లేకపోవచ్చు.