క్రీస్తు జనన కాలనిర్ణయం: ఖగోళ సాక్ష్యపు పరిధి - తెలుగు శాసనాల కాలగణన నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
క్రీస్తు జనన సంవత్సరాన్ని ఖగోళ గణితంతో నిరూపించామనే వాదాలు నాలుగు శతాబ్దాలుగా వినవస్తున్నాయి. తిథి, వార, నక్షత్రాలు నమోదైన తెలుగు నేల శాసనాల తేదీలను సరిచూసే పద్ధతిని ఆ వాదాలకు అన్వయించి, వాటి బలాబలాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. హేరోదు మరణంతో ముడిపడిన చంద్రగ్రహణం గణనకు లొంగుతుందనీ, మత్తయి సువార్తలోని నక్షత్రం లొంగదనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కాలనిర్ణయం, శకవర్షం, గ్రహణం, గ్రహయుతి, మౌఢ్యం, ఉత్తరాయణ సంక్రాంతి, వెలనాడు.

1. ఉపోద్ఘాతం

తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైలు దారిలో భట్టిప్రోలు ఉంది. 1892లో అలెగ్జాండర్ రీ అక్కడి స్తూపంలో వెలికితీసిన ధాతుకరండాల మీద బ్రాహ్మీ లిపిలో శాసనాలున్నాయి. వాటిలో కుబిరక రాజు పేరుంది, దాతల పేర్లున్నాయి. సంవత్సరం లేదు, తిథి లేదు. అందువల్ల బ్యూలర్ మొదలుకొని పండితులందరూ అక్షరాల రూపాన్ని బట్టే వాటి కాలాన్ని ఊహించవలసివచ్చింది. ఆ ఊహలు క్రీ.పూ. మూడో శతాబ్దానికీ ఒకటో శతాబ్దానికీ మధ్య నేటికీ ఊగుతున్నాయి. అదే ప్రాంతంలోని చందవోలు వెలనాటి చోడుల రాజధాని. అక్కడా, బాపట్ల భావనారాయణస్వామి ఆలయంలోనూ ఉన్న మధ్యయుగ శాసనాల తీరు వేరు. శకవర్షం, సంక్రాంతి, గ్రహణం, తిథి, వారం వంటి వివరాలతో దానం చేసిన రోజును గుర్తుపట్టే వీలు వాటిలో చాలావాటికి ఉంది.

క్రీస్తు జననానికి సంబంధించిన ఆధారాలు ఈ రెండింటిలో ఏ కోవకు చెందుతాయి? ఈ వ్యాసానికి మూలం ఈ ప్రశ్నే. 1842లో హేయర్ గుంటూరు చేరినప్పటి నుంచి లూథరన్ మిషను, తరువాత బాపట్ల కేంద్రంగా అమెరికన్ బాప్టిస్టు మిషను పనిచేసిన ఈ ప్రాంతంలో డిసెంబరు నెల వస్తే ఈ చర్చ తరగతి గదిలోకీ వస్తుంది. పాత ఆకాశాన్ని తెరమీద చూపే సాఫ్ట్‌వేరు అందుబాటులోకి వచ్చాక చర్చ స్వరం మారింది. “ఫలానా రాత్రి ఫలానా గ్రహాలు కలిశాయి, కనుక అదే తేదీ” అనే ధీమా విద్యార్థుల్లోనూ, కొన్ని పరిశోధన పత్రాల్లోనూ కనిపిస్తున్నది. పంచాంగ గణితంతో నిత్యం పనిపడే సాహిత్య చరిత్ర విద్యార్థులు ఈ ధీమాను పరీక్షకు పెట్టవలసి ఉంది.

2. సరిచూడదగిన తేదీ ఎలా ఉంటుంది?

మనకు బాగా తెలిసిన ఉదాహరణ రాజరాజనరేంద్రుని పట్టాభిషేకం. గోదావరి తీరపు కోరుమిల్లి శాసనం శకవర్షాన్ని వేద, అంబురాశి, నిధి అనే సంకేతపదాలతో చెబుతుంది. అంకెలను వెనుకనుంచి చదివితే 944. రవి సింహరాశిలో ఉండగా, కృష్ణపక్ష ద్వితీయ నాడు, ఉత్తరాభాద్ర నక్షత్రంలో, గురువారం, తులాలగ్నంలో అభిషేకం జరిగిందని వివరాలున్నాయి. 944కు 78 కలిపితే క్రీ.శ. 1022. ఆ ఏడాది రవి సింహంలో ఉన్న రోజుల్లో కృష్ణ ద్వితీయ ఆగస్టు 16న వచ్చింది. అది గురువారమే. చంద్రుడు ఉత్తరాభాద్రలోనే ఉన్నాడు. 944ను గతవర్షంగా కాక వర్తమాన వర్షంగా తీసుకుంటే 1021కి వెళ్లాలి. అప్పుడు ఆ తిథి ఆగస్టు చివరి వారంలో, గురువారానికి దూరంగా పడుతుంది.

ఇక్కడ గణితం చేసిన పనిని జాగ్రత్తగా గమనించాలి. సంవత్సరాన్ని శాసనమే చెప్పింది. గణితం ఆ మాటను వారంతో, నక్షత్రంతో సరిపోల్చి నిలబెట్టింది. ఒకదానితో ఒకటి సంబంధం లేని వివరాలు ఒకే రోజున కలిశాయి కాబట్టి నమ్మకం కుదిరింది. వివరాలు కలవకపోయే అవకాశం కూడా అంతే ఉంది. కలవని శాసనాలను కూటశాసనాలుగా అనుమానించడమో, లేఖకుని పొరపాటుగా భావించడమో పరిపాటి. స్వామికన్ను పిళ్లై 1922లో క్రీ.శ. 700 నుంచి 1799 వరకు పట్టికలు ప్రచురించడంతో ఈ పరీక్ష అందరికీ సులభమైంది. తప్పిపోయే అవకాశం ఉన్న వాక్యాన్నే గణితం పరీక్షించగలదు.

3. హేరోదు మరణం, చంద్రగ్రహణం

మత్తయి, లూకా సువార్తలు రెండూ క్రీస్తు జననాన్ని హేరోదు రాజు కాలంతో ముడిపెడతాయి. కాబట్టి హేరోదు మరణ సంవత్సరం తేలితే జననానికి ఒక దిగువ హద్దు దొరుకుతుంది. యూదు చరిత్రకారుడు జోసెఫస్ ఇక్కడ మనకు శాసనకారుని వంటివాడు. దేవాలయ ద్వారం మీది బంగారు గద్దను పడగొట్టించిన గురువులను హేరోదు దహనం చేయించిన రాత్రి చంద్రగ్రహణం పట్టిందనీ, ఆ తరువాత పస్కా పండుగకు ముందే రాజు మరణించాడనీ ఆయన రాశాడు. గణితం ప్రకారం క్రీ.పూ. 4 మార్చి 13న పాక్షిక చంద్రగ్రహణం ఉంది. ఆ ఏడు పస్కా ఏప్రిల్ 11న వచ్చింది.

దీనికి అభ్యంతరం ఉంది. గ్రహణానికీ పస్కాకూ మధ్య నెలరోజులే. రాజు జబ్బు ముదరడం, వేడినీటి ఊటలకు వెళ్లి రావడం, కొడుకు అంతిపతెరును చంపించడం, ఆపైన రాజలాంఛనాలతో అంత్యక్రియలు ఇంత తక్కువ వ్యవధిలో ఇమడవని కొందరి వాదన. వారు క్రీ.పూ. 1 జనవరి 10 నాటి సంపూర్ణ గ్రహణాన్ని ప్రతిపాదిస్తారు. అప్పుడు మూడు నెలలు చేతికొస్తాయి. వ్యవధి మాట నిజమే గాని, ఆ వాదం మరొకచోట దెబ్బతింటుంది. హేరోదు రోము చేత రాజుగా నియమితుడైన నాటి నుంచి 37 ఏళ్లు, అంతిగోనసు మరణం నుంచి 34 ఏళ్లు పాలించాడని జోసెఫస్ లెక్క. ఆ ఘటనలు క్రీ.పూ. 40, 37లవి. మొదటి ఏటినీ చివరి ఏటినీ కలుపుకొని లెక్కిస్తే రెండూ క్రీ.పూ. 4 వద్ద ముగుస్తాయి. మన గత, వర్తమాన శకవర్షాల చిక్కు ఎరిగినవారికి ఈ లెక్క కొత్త కాదు. పైగా హేరోదు కొడుకుల పాలనా వర్షాలు కూడా క్రీ.పూ. 4 నుంచే మొదలవుతాయి. క్రీ.శ. 39లో పదవి పోగొట్టుకున్న అంతిపా నాణేల మీద 43వ ఏడు కనిపించడం దీనికి బలమైన ఆధారం.

అందువల్ల క్రీ.పూ. 4 నిలుస్తుందని నా అభిప్రాయం. అది నిలవడానికి గ్రహణం ఒక్కటే కారణం కాదు. నాణేలు, పాలనా వర్షాలు, గ్రహణం ఒకదానికొకటి సాక్ష్యమిచ్చాయి. కోరుమిల్లి పద్ధతి ఇక్కడ పనిచేసింది.

అయితే ఇది మరణపు తేదీ. జననం దానికి ఎంత ముందు? లూకా చెప్పిన కురేనియ జనాభా లెక్క, జోసెఫస్ ప్రకారం క్రీ.శ. 6 నాటిది. అంటే హేరోదు పోయిన తొమ్మిదేళ్ల తరువాతది. తిబెరి పాలన 15వ ఏట, అంటే క్రీ.శ. 28-29 ప్రాంతంలో, యోహాను ప్రకటన మొదలైందనీ, యేసుకు అప్పటికి సుమారు ముప్పై ఏళ్లనీ కూడా లూకాయే చెప్పాడు. ఆ “సుమారు”ను ఎంత సాగదీయాలన్నది వ్యాఖ్యాత ఇష్టం. పండితుల్లో అధికసంఖ్యాకులు క్రీ.పూ. 7-4 మధ్య కాలాన్ని అంగీకరిస్తారు. అంతకన్నా ఇరుకు చేసే ఆధారం లిఖిత చరిత్రలో లేదు. ఆ లోటును నక్షత్రంతో పూడ్చే ప్రయత్నం ఇక్కడే మొదలవుతుంది.

4. నక్షత్రం: అనేక అభ్యర్థులు

1603 చివర గురు శనుల యుతిని, మరుసటి ఏడు అదే ప్రాంతంలో వెలిగిన కొత్త నక్షత్రాన్ని కెప్లర్ చూశాడు. వెనక్కి లెక్కించి క్రీ.పూ. 7లో గురు శనులు మీనరాశిలో మూడుసార్లు కలిశాయని గుర్తించాడు. యుతే ఆ నక్షత్రమని ఆయన అనలేదు. యుతి తరువాత, 1604లో వలెనే, అసాధారణమైన తార పుట్టి ఉంటుందని ఊహించాడు. తరువాతివారు యుతినే నక్షత్రం చేశారు. ఆ మూడు కలయికలూ మే చివర, అక్టోబరు మొదట, డిసెంబరు మొదట జరిగాయి. ప్రతిసారీ రెండు గ్రహాల మధ్య దాదాపు ఒక డిగ్రీ ఎడం ఉంది. అంటే పక్కపక్కన రెండు పూర్ణచంద్రబింబాలు పట్టేంత. ఒకే నక్షత్రంగా కనిపించే అవకాశం లేదు.

హాన్ వంశ చరిత్ర క్రీ.పూ. 5 వసంతంలో డెబ్బై రోజులకు పైగా కనిపించిన “చీపురు నక్షత్రాన్ని” నమోదు చేసింది. కొందరు దానిని ధూమకేతువన్నారు, కొందరు కొత్త తార అన్నారు. మైకేల్ మోల్నార్ 1999లో వెలువరించిన గ్రంథంలో క్రీ.పూ. 6 ఏప్రిల్ 17న మేషరాశిలో చంద్రుడు గురువును కప్పిన ఘటనను ముందుకు తెచ్చాడు. అది పట్టపగలు జరిగింది, కంటికి కనబడేది కాదు. హేరోదు మరణాన్ని క్రీ.పూ. 1కి జరిపినవారికి క్రీ.పూ. 2 జూన్ 17 నాటి గురు శుక్రుల అతిసన్నిహిత యుతి దొరికింది. ఏ సంవత్సరం కావాలంటే ఆ సంవత్సరానికి ఆకాశం ఒక దృశ్యాన్ని అందిస్తున్నది. పదేళ్ల ఆకాశంలో జ్యోతిష్కుడు విశేషార్థం చెప్పగలిగే ఘటన లేని ఏడాది ఉంటుందా అన్నది నా సందేహం.

తెలుగు అనువాదం ఈ చర్చకు ఒక చిన్న అడ్డంకి, ఒక చిన్న సాయం కూడా. మూలంలోని “మాగోయి” శబ్దానికి తెలుగు బైబిలు “జ్ఞానులు” అనే మాటను స్థిరపరిచింది. దానివల్ల వారు గ్రహగతులు చూసి ఫలం చెప్పే జ్యోతిష్కులన్న సంగతి మరుగున పడింది. వారు ముగ్గురన్నది కూడా సంప్రదాయమే. మత్తయి సంఖ్య చెప్పలేదు. ఇక “అనతోలే” అనే గ్రీకు మాటకు తూర్పు అనీ, ఉదయం అనీ రెండర్థాలున్నాయి. తెలుగు అనువాదం దిక్కును ఎంచుకున్నది. ఖగోళవాదులు రెండో అర్థాన్ని పట్టుకొని, సూర్యకాంతిలో మునిగిన గ్రహం మళ్లీ తెల్లవారుజామున తొలిసారి కనబడటాన్ని సూచిస్తుందంటారు. ఈ భావనను వివరించడానికి ఆంగ్ల రచయితలకు ఒక పేరా పడుతుంది. పెళ్లి ముహూర్తాలు చూసే తెలుగు ఇంట్లో గురు మౌఢ్యం, శుక్ర మౌఢ్యం తెలియనివారు అరుదు. మౌఢ్యం వీడి గ్రహం ఉదయించడమనే మన వాడుక ఆ గ్రీకు పదానికి దిక్కు కంటే దగ్గరగా ఉందనిపిస్తుంది.

అర్థం కుదిరినా తేదీ కుదరదు. గురువు మౌఢ్యం వీడటం దాదాపు పదమూడు నెలలకోసారి జరిగేదే. పైగా మత్తయి కథనంలో నక్షత్రం యెరూషలేము నుంచి దక్షిణంగా పది కిలోమీటర్ల లోపు ఉన్న బెత్లెహేముకు ముందు నడిచి, శిశువు ఉన్నచోట నిలుస్తుంది. ఏ గ్రహమూ ఒక ఇంటిని చూపలేదు.

5. జననవేళ గ్రహస్థితి ఒక కథనరీతి

మహాపురుషుని పుట్టుకకు ఆకాశం సాక్ష్యం చెప్పడం ప్రాచీన సాహిత్యంలో సాధారణం. సంఖ్యాకాండంలో యాకోబు వంశం నుంచి నక్షత్రం ఉదయిస్తుందన్న బిలాము పలుకు మత్తయి పాఠకులకు తెలిసినదే. మన కావ్యాల్లోనూ ఇదే రీతి. రఘువంశంలో రఘువు పుట్టినప్పుడు ఐదు గ్రహాలు ఉచ్చలో ఉన్నాయి. వాల్మీకి రామాయణంలో రాముని జననవేళ కూడా ఐదే.

రామజన్మ శ్లోకాల ఆధారంగా సాఫ్ట్‌వేరుతో తేదీలు చెప్పేవారు ఒక చిన్న లెక్క వేసి చూడాలి. చైత్ర శుక్ల నవమి అంటే రవి చంద్రుల ఎడం 96 నుంచి 108 డిగ్రీలు. పునర్వసు 93 డిగ్రీల 20 నిమిషాలకు ముగుస్తుంది. చంద్రుడు కర్కాటకంలో ఉన్నాడు కాబట్టి ఉచ్చలో లేడు. వసంతంలో బుధుడు కన్యలో ఉండలేడు. ఐదు ఉచ్చ గ్రహాలు కావాలంటే రవి మేషంలో ఉండి తీరాలి. మేషంలో రవి, పునర్వసులో చంద్రుడు ఉంటే ఎడం 93 డిగ్రీల 20 నిమిషాలు దాటదు; అది అష్టమే అవుతుంది. ఆ వర్ణన లక్ష్యం వైభవం. దానిని పంచాంగంగా చదివితే కవికి అన్యాయం చేసినట్టే. మత్తయి నక్షత్రాన్ని కూడా ఈ దృష్టితో చదవడం ఉచితం. విశ్వాసికి దీనివల్ల నష్టం లేదు. అతని విశ్వాసం గురు శనుల ఎడం మీద ఆధారపడి లేదు.

6. డిసెంబరు 25, వెలనాటి ఉత్తరాయణం

జనన దినం విషయంలో ఆధారం మరీ పలుచన. క్రీ.శ. 200 ప్రాంతంలో అలెగ్జాండ్రియా క్లెమెంటు తన కాలంలో ప్రచారంలో ఉన్న పలు తేదీలను పేర్కొన్నాడు. వాటిలో మే నెలకు చెందినది ఒకటి. డిసెంబరు 25 స్పష్టంగా కనిపించేది క్రీ.శ. 354 నాటి రోము సంకలనంలో. రోమన్ల సాంప్రదాయిక పంచాంగంలో అది సూర్యుడు ఉత్తరానికి మళ్లే రోజు.

ఇక్కడ మన శాసనాలు ఒక ఆసక్తికరమైన పోలికనిస్తాయి. 12వ శతాబ్ది తొలి భాగంలో వెలనాటి ప్రాంతంలో ఉత్తరాయణ సంక్రాంతి నిమిత్తం ఇచ్చిన దానాల తేదీలను జూలియన్ పంచాంగంలోకి మార్చితే అవి డిసెంబరు 24, 25లలో పడతాయి. అంటే చందవోలులో సంక్రాంతి దానధార పోస్తున్న రోజునో, మరునాడో రోములో క్రిస్మసు ఆరాధన జరుగుతున్నదన్నమాట. రెండూ ఉత్తరాయణం పేరిట నిలిచినవే. నిజమైన ఉత్తరాయణం అప్పటికే డిసెంబరు 15 ప్రాంతానికి జరిగిపోయింది. రెండు సంప్రదాయాలూ పాత కాలపు ఆకాశాన్ని పట్టుకొనే ఉన్నాయి. డిసెంబరు 25 ఒక పంచాంగ నిర్ణయమనడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఈ మార్పిడిలో నేనూ ఒకసారి తప్పాను. పరిశోధన తొలినాళ్లలో ఒక మాఘమాస శాసనానికి అలవాటుగా 78 కలిపి రాశాను. జనవరి దాటిన తిథులకు 79 కలపాలని పర్యవేక్షకులు ఎర్రసిరాతో సరిదిద్దారు. క్రీ.శ. 525లో డయోనీషియసు పస్కా పట్టికల కోసం క్రీస్తు జననం నుంచి ఏళ్లు లెక్కించినప్పుడు ఆయన పక్కన అలాంటివారు లేరు. హేరోదు చనిపోయిన కొన్నేళ్లకు ఆయన మొదటి సంవత్సరం మొదలైంది. ఆ తేడా నన్నయ కాలాన్ని ఒక్కరోజు కూడా కదిలించదు. ఆయన నాటిన మొదటి రాయి ఎక్కడున్నా, అక్కడి నుంచి 1022వ ఏడు అదే ఏడు.