గింజ లేని పూట (మన పళ్లెం చరిత్ర – 9)



పోయిన వారం క్లాసు అయిపోయినంక మా డిగ్రీ రెండో సంవత్సరం చెల్లె ఒకామె తలుపు కాడ నిలబడ్డది. నోట్స్ కోసమేమో అనుకున్న. కాదు. "సార్, మా అమ్మకు షుగరు మూడొందలు దాటింది. డాక్టరు అన్నం తగ్గించమన్నడు. చపాతీ తినమంటే మా అమ్మకు నచ్చది. గింజ లేకుండ కడుపు నిండేటట్టు ఏం వండాలె సార్? మీరు తిండి గురించి రాస్తరు కదా" అన్నది. తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేసినోణ్ని, డైటీషియన్ను కాను. అయినా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. మా ఇంట్లో కూడా మూడేండ్ల సంది అదే ప్రశ్న నడుస్తున్నది. పొద్దుగాల మా అమ్మ సుగరు గోలి వేసుకుంట అడిగే మాట ఒక్కటే: "బువ్వ లేకుంటే తిన్నట్టెట్లయితది బిడ్డా?"

ఈ మాటను తేలిగ్గా తీసుకోవద్దు. మన దిక్కు ఎదురుపడ్డ మనిషిని "బువ్వ తిన్నవా" అని అడుగుతం, "కూర తిన్నవా" అని అడగం. పిలగాడు మొదట నేర్చే మాటల్లో అదొకటి. ఈ భాష ఊరికే పుట్టలేదు. గింజ కోసం తరతరాలు కొట్లాడినోళ్ల భాష ఇది. అందుకే గింజ మానుకొమ్మంటే మా అమ్మకు అది వైద్యం లెక్క వినపడదు, శిక్ష లెక్క వినపడుతది.

ఇంకో దిక్కు చూడండి. 2017–18 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ డైట్ రెండు రాష్ట్రాలనూ ఊపేసింది. అన్నం బంద్, చపాతీ బంద్, పండ్లు బంద్. కొబ్బరి నూనె, నిమ్మకాయలు, లీటర్ల కొద్దీ నీళ్లు, విటమిన్ గోలీలు. సభలకు జనం విరగబడ్డరు. చాలామంది డాక్టర్లు టీవీల్లో కూర్చొని తప్పుపట్టిన్రు. అందులో ఎంత మంచి, ఎంత చెడు అన్న పంచాయితీ నాది కాదు. నాకు యాదికుండేది మా స్టాఫ్ రూమ్. అప్పటిదాకా పప్పు, పెరుగన్నం తెచ్చుకున్న సార్లు ఉడికిన గుడ్లు, మటన్ ముక్కలు, బొక్కల సూపు తేవుడు మొదలుపెట్టిన్రు. "బోన్ బ్రాత్" అని పేరు. నేను పీజీ హాస్టల్‌లో ఉన్నప్పుడు ఇంటి నుంచి తెచ్చుకున్న ఒట్టి తునకల డబ్బా మూత తీస్తే పక్క మంచమోడు కిటికీలు తెరిచి, బయట పెట్టి రమ్మన్నడు. అదే మాంసం, అదే కొవ్వు, అవే బొక్కలు. వేరే డబ్బాలో వేరే పేరుతో వస్తే ఆరోగ్యమైంది. (ఆ మంచమోడు తర్వాత కీటో మొదలుపెట్టిండని విన్న. సంతోషం.)

గింజ మానుకునే డైటు పుట్టుక పుస్తకాల్లో ఎట్లుంటదంటే, 1863లో లండన్‌లో విలియం బాంటింగ్ అనే ఆయన, శవపేటికలు తయారుచేసి అంత్యక్రియలు నడిపే వ్యాపారి, రొట్టె, చక్కెర, ఆలుగడ్డ మానేసి ఒళ్లు తగ్గించుకొని ఒక చిన్న పుస్తకం అచ్చేసిండు. 1921లో అమెరికాలో డాక్టర్ రసెల్ వైల్డర్ మూర్ఛ రోగుల కోసం "కీటోజెనిక్" అన్న పేరు పెట్టిండు. అక్కడి నుంచి సినిమావాళ్లు, జిమ్ములు, మన యూట్యూబు. ఈ వరుసలో ఎక్కడా ఎన్నుకోకుండ గింజ లేకుండ బతికినోళ్ల ఊసు రాదు.

బాంటింగ్ పుస్తకం వచ్చిన పద్నాలుగేండ్లకు, 1877లో, మనకు కృష్ణ అవతలి కర్నూలు కరువుతో కాలిపోతున్నది. 1876–78 కరువు నిజాం రాజ్యపు దక్షిణ జిల్లాలను కూడా వదల్లేదు. బ్రిటిష్ ప్రభుత్వం పంపిన రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో రాళ్లు కొట్టే మొగ మనిషికి రోజుకు ఒక పౌను గింజలు, దాని మీద చిల్లర పైసలు చాలన్నడు. పౌను అంటే 450 గ్రాములు. మద్రాసు శానిటరీ కమిషనర్‌గా ఉన్న డాక్టర్ కార్నిష్ దీన్ని గట్టిగ వ్యతిరేకించిండు. మనిషి ఉత్త గింజతో బతకడని, ఆకుకూర, పప్పు, మాంసం లేకుంటే ఒళ్లు నిలవదని ఆయన వాదన. కొన్ని నెలలకు మద్రాసు ప్రభుత్వం కూలి పెంచక తప్పలేదు. ఈ కొట్లాట నాకు ఇప్పటి రేషన్ దుకాణం కాడ మళ్లీ యాదికొస్తది. దానికి తర్వాత వస్త.

ఇప్పుడు మన నేల. పాలమూరు, నల్గొండ మెరక చెలకల్లో వరి దొరల పంట, చెరువు కింది పంట. మిగతా జనానికి జొన్న, సజ్జ, కొర్ర. మాదిగోళ్లకు, మాలోళ్లకు ఆ జొన్న కూడా కూలి రూపంలోనే వచ్చేది, మానికల్లో, సోలల్లో. కోతల కాలంలో కల్లం కాడ ఊడ్చిన అడుగు గింజలు, మన్ను కలిసినవి, చేటల పోసి చెరిగి తెచ్చుకునుడు. కోసిన చేలో పరిగె ఏరుకునుడు. చెప్పులు, మోట బొక్కెన తోళ్లు వెట్టికి ఇయ్యాలె. సుందరయ్య రాసిన పోరాట చరిత్రలో సూర్యాపేట దిక్కు జన్నారెడ్డి దొరలకు లక్షన్నర ఎకరాలు, అప్పట్ల నల్గొండ జిల్లాలోనే ఉన్న జనగామ తాలూకాలో విస్నూరు దేశ్‌ముఖుకు నలభై వేల ఎకరాలు అన్న లెక్కలున్నయ్. భూమి అటుండె, చేతులిటుండె. గింజ కల్లం నుంచి గడీకి పోయేది. అందుకే 1946–51 పోరాటంలో భూమితో పాటు ధాన్యం కొట్ల తాళాలు కూడా పగిలినయ్.

ఎండకాలం నడుమల, మొదటి వానలకు, పని లేని రోజుల్లో గింజ ఉండేది కాదు. మా అవ్వ చెప్పిన "కూరపూట" అంటే అదే. చెలక గట్ల మీద తుమ్మికూర, గునుగు, దొగ్గలి, గంగవాయిలి, గలిజేరు, చెంచలి, తగిరంచ. చెట్టు మీద చింతచిగురు, మునగాకు. వాన పడంగనే దీపం కాడ ఉసిళ్లు పట్టి వేయించుకునుడు, పుట్టకొక్కులు ఏరుకునుడు, వాగుల ఎండ్రికాయలు, చిన్న చేపలు, కోతలైన చేలో ఎలుకలు. వీటిలో పిండి పదార్థం తక్కువ. పీచు, మాంసకృత్తులు, ఇనుము ఎక్కువ. ఇయ్యాళ డైటు చార్టు రాసేటోళ్లు పైసలు తీసుకొని చెప్పేది దాదాపు ఇదే. కానీ దయచేసి ఎవరూ "మన తాతలు ఎంత ఆరోగ్యంగ తిన్నరో" అని షేర్ చేయకండి. మా అవ్వ కూరపూటను ఆరోగ్యమని ఎప్పుడూ అనలేదు. ఆకలి అన్నది.

మాంసం సంగతి ఇంకా ముడి. ఊరి చచ్చిన గొడ్డును మోసే వెట్టి మనదే, దాని మాంసం మన పళ్లెంలకే. 1927లో మహాడ్ సభలో బాబాసాహెబ్ చచ్చిన పశువు మాంసం మానుకొమ్మని పిలుపునిచ్చిండు. ఇక్కడ హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ కల్లు, సారా, దేవతలకు బలులు వద్దని ఊరూరా తిరిగి చెప్పిండు. 1948లో "అన్‌టచబుల్స్" పుస్తకంలో అంబేద్కరే గొడ్డుమాంసానికి, అంటరానితనానికి ఉన్న సంబంధాన్ని చరిత్రగా తవ్విండు. ఈ మూడు మాటలనూ పక్కపక్కన పెట్టి చదవాలె. వద్దన్నది వెట్టిని, ఎంగిలిని, చచ్చినదాన్ని ఈడ్చే బతుకును. మా తాత చచ్చిన గొడ్డును ముట్టనని చెప్పి కులపోళ్లతోనే మాట పడ్డడు. అదే తాత సంతల ఎద్దు మాంసం పైసలు పెట్టి కొని, పొడుగ్గ కోసి, ఉప్పు, పసుపు పట్టించి దండెం మీద ఎండేసిండు. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియాలో పెద్దకూర పండుగ చేసినప్పుడు రాళ్లు పడ్డయ్. అప్పుడు అక్కడున్న చాలామంది మనసులో ఉన్నది ఇట్లాంటి తాతే అనుకుంట.

తర్వాత బియ్యం వచ్చినయ్. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలిన్రు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ దిక్కు వరి మునిగిపోయింది, దేవరకొండ మెరక మెరకగానే ఉండిపోయింది. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చిండు. మా అమ్మకు అప్పుడు పదేండ్లు. రోజూ తెల్ల బువ్వ తినుడు మొదలైంది అప్పుడేనట. పండుగకు తప్ప దొరకనిది రోజూ దొరికింది. ఆ బువ్వను "కార్బ్స్" అని ఎక్కిరిస్తే నాకు కోపమొస్తది. 2015లో తెలంగాణల మనిషికి ఆరు కిలోలు, రూపాయికి కిలో. 2025 మార్చి 30న, ఉగాది నాడు, హుజూర్‌నగర్‌ల సన్నబియ్యం మొదలైంది. నేను రేషన్ బియ్యానికి వ్యతిరేకిని కాను, ఎన్నడూ కాను.

కానీ కార్నిష్ ప్రశ్న అట్లనే ఉన్నది. నెలకు ఆరు కిలోలంటే రోజుకు 200 గ్రాములు. బియ్యంలో వందకు 78 గ్రాముల దాకా పిండి పదార్థమే. జొన్న కూడా తక్కువేం కాదు, 70 దగ్గరుంటది. రెక్కలు ముక్కలు చేసుకునే ఒంటికి అది అరుగుతది. ఇంతలో పక్కనున్నవి పోయినయ్. పత్తి చేనుకు గడ్డి మందు కొట్టంగనే గునుగు పోయె, దొగ్గలి పోయె. 1977 చట్టం ఆవును, దూడను కోయొద్దన్నది, ఎద్దుకు, బర్రెకు సర్టిఫికెట్ అడిగింది. రోడ్డు మీద బండ్లు ఆపుడు పెరిగింది, పెద్దకూర ధర కూడా పెరిగింది. పళ్లెంల బువ్వ మిగిలింది, చుట్టూ ఉన్నది తరిగింది. పని కూడా మారింది. మా అమ్మ ఇప్పుడు నాట్లు ఏస్తలేదు, మనుమరాలిని ఎత్తుకొని కూసుంటది. ఒక్క బువ్వ మీద షుగరు నేరం మోపితే సగం మాటే చెప్పినట్టు.

సరే, చెల్లె అడిగిందానికి వస్త. మా ఇంట్లో కుదిరింది చెప్త. తప్పులు మస్తు చేసినం. మొదటి నెల కాలీఫ్లవర్ తురిమి బువ్వ లెక్క వండితే మా అమ్మ ఒక ముద్ద పెట్టుకొని కుక్కకేసింది. బువ్వ లెక్క కనపడేదాన్ని వండొద్దని అప్పుడు తెలిసింది. బువ్వ లేని పూట అని తెలిసేటట్టే వండాలె.

కడుపు నింపేది మూడు: మాంసకృత్తులు, కొవ్వు, పీచు. నాలుగోది పులుపు. పులుపు లేకుంటే మన నాలుకకు తిండి అయినట్టు అనిపించది. ఒట్టి తునకలు వేడినీళ్లల్ల అరగంట నానబెట్టి కడిగి, రోట్ల వేసి రోకలితోని నార విడేదాక దంచాలె. నూనెల ఎల్లిపాయ, ఉల్లిగడ్డ వేగినంక తునకలేసి, మెత్తగ ఉడికినంక రెండు కట్టల పుంటికూర. పుంటికూర ముందే వేస్తే పులుపుకు తునక గట్టిపడ్తది. ఉప్పు చివరికి, తునకలోనే ఉంటది కాబట్టి. బీపీ ఉన్నోళ్లు మొదటి నీళ్లు పారబోయాలె. దీన్ని ఆనిగెపుకాయ పెద్ద ముక్కలు ఉప్పేసి ఉడికించినవాటి మీద పోసుకొని తినాలె. ముద్ద కలుపుకునే పని ఆనిగెపుకాయ చేస్తది. చేతికి ముద్ద దొరకాలె, అది చిన్న విషయం కాదు.

తునకలు లేని రోజు చింతచిగురుల రెండు గుడ్లు. గుడ్డుకు ఆరు గ్రాముల మాంసకృత్తులు, ధర అందరికీ అందేది. చేపల పులుసు చిక్కగ పెట్టి పక్కకు తోటకూర. మూలిగ బొక్కలు మిరియాలు, అల్లంతోని చిన్న మంట మీద రెండు మూడు గంటలు కాగితే, పొద్దుగూకినంక ఒక గిన్నెడు తాగితే నడిరాత్రి ఆకలి కాదు. నల్ల వేయించుకుంటే ఇనుము. పెద్దకూర తినని ఇండ్లల్ల బోటి, కార్జం, కోడి. కూర తిననే తినమంటే ఉలవలు, అలసందలు. అవి పప్పుగింజలు, పిండి ఉంటది గానీ పీచు తోడుండి మెల్లగ అరుగుతది. కొలత పెట్టుకోవాలె.

ఒక జాగ్రత్త. షుగరు గోలీలు, ఇన్సులిన్ వాడేటోళ్లు గింజ ఒక్కసారిగ మానేస్తే షుగరు పడిపోయి కళ్లు తిరిగి పడ్తరు. గోలీల మోతాదు డాక్టరు మార్చాలె, మీరు నేను కాదు. కిడ్నీ తేడా ఉన్నోళ్లు మాంసం పెంచేముందు అడగాలె. నాలుగు లీటర్ల నీళ్లు తాగుమని డైటు పుస్తకం చెప్తది, మునుగోడు, మర్రిగూడ దిక్కు ఆ బోరు నీళ్లే బొక్కలు వంచినయ్. 1970లల్ల నీరి సంస్థోళ్లు ఫ్లోరైడ్ తీసే ఒక విధానానికి "నల్గొండ టెక్నిక్" అని మన జిల్లా పేరు పెట్టిన్రు. ఏ నీళ్లో చూసుకొని తాగాలె.

మా ఇంట్లో ఇప్పుడు పొద్దుగూకిన పూట గింజ లేదు. మధ్యాహ్నం గిన్నె కొలతతో కొంచెం బువ్వ. మొత్తం మానిపిద్దామని నేను చూసిన. పదిహేను రోజులు ఓపిక పట్టి, పదహారో నాడు మా అమ్మ కూర అంతా తిన్నది, బొక్క చీకింది, చేయి కడుగలేదు. ఇంకేం కావాలంటే గిన్నె దిక్కు చూసింది. పిడికెడు బువ్వ పెట్టిన. కలుపుకోలేదు, ఉత్తదే తిన్నది. "గీ పిడికెడు కోసం మీ తాత దొర కల్లం కాడ పొద్దుగూకేదాక నిలబడ్డడు బిడ్డా, ఇప్పుడు ఉన్నదాన్ని ఎట్ల ఇడుస్త" అన్నది.

ఆ చెల్లెకు ఇదంతా చెప్పిన. రాసుకున్నది. ఆనిగెపుకాయ కాడ మాత్రం "మా అమ్మకు అది పడది సార్" అన్నది. బీరకాయ పెట్టుమన్న.